ఒక్క ముక్కేగా!

“ఒక్క ముక్కేగా, తింటే ఏమవుతుందమ్మా?”

ఈ మాట అనని పెద్దవాళ్లు తెలుగు ఇళ్లల్లో వుంటారంటే నేను నమ్మను. పెళ్లిలో వడ్డించేవారు అంటారు. పక్కింటి పిన్నిగారు అంటారు. రైల్లో ఎదుటి బెంచీ మీద కూర్చున్న, ముఖపరిచయమైనా లేని ఆవిడ కూడా అంటుంది. అందులో వున్నదంతా ప్రేమే, కాదనను. వద్దన్నకొద్దీ వడ్డించటం మనకు మర్యాద. అటువంటి మర్యాద వున్న చోట, బిస్కెట్టు ముక్కలు పొట్టలోకి పోతే పేగు దెబ్బతినే పిల్లవాణ్ణి పెంచుకు రావటం ఎటువంటి పనో ఆరేళ్లుగా చూస్తున్నాను. ఆ పిల్లవాడు మా చిన్నవాడే.

వాడికిప్పుడు పదేళ్లు. మాది గోదావరి వొడ్డున వున్న వూరు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. వైద్యం నా శాస్త్రం కాదు. అయినా కలం పట్టుకున్నందుకు కారణం ఒక్కటే. మావాడి జబ్బు పేరు తెలియటానికి మాకు రెండేళ్లు పట్టింది. మరొక తల్లికి అంతకాలం పట్టకూడదని నా తాపత్రయం.

తినీ తిననట్లే!

అన్నప్రాశన అయి, పప్పూ అన్నం తిన్నన్నాళ్లు పిల్లవాడు బొద్దుగానే వున్నాడు. ఏడాది నిండాక మా సౌకర్యం కోసం పాలల్లో బిస్కెట్లు నానబెట్టి పెట్టటం మొదలుపెట్టాం. పొద్దున్న నేను కాలేజీకి వెళ్లే హడావుడిలో బొంబాయి రవ్వ ఉప్మా. రాత్రి మామగారికి చక్కెర వ్యాధి గనుక ఇంటిల్లిపాదికీ చపాతీలు. ఆ విధంగా గోధుమ మూడు పూటలా మా ఇంట్లో స్థిరపడింది.

రెండో ఏడు వచ్చేసరికి పిల్లవాడి వాలకం మారిపోయింది. రోజుకు నాలుగైదు విరేచనాలు. అవీ పాలిపోయి, జిడ్డుగా, భరించరాని వాసనతో. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండ. ఎప్పుడు చూసినా చిరాకు, ఏడుపు. తోటిపిల్లల పక్కన నిలబెడితే బెత్తెడు తక్కువ. “వీడు తింటున్నాడు, కానీ తినీ తిననట్లే వున్నాడే అమ్మాయ్” అనేవారు మా అత్తగారు. జబ్బు లక్షణమంతా ఆ ఒక్క మాటలోనే వున్నదని మాకు అప్పుడు తెలియలేదు.

దిష్టి తీశాం. నులిపురుగుల మందు వేశాం. మొదట చూసిన డాక్టరుగారు పాలు పడటం లేదేమో, మాన్పించమన్నారు. రెండో ఆయన రక్తం తక్కువగా వున్నదని ఇనుము మందు రాసిచ్చారు. ఏడాది తాగించినా రక్తం పట్టలేదు. వారి తప్పని నేను అనను. మన వైపు ఈ జబ్బు అరుదు. ఎన్నడూ చూడని చుట్టం గుమ్మంలోకి వస్తే ఎవరు మాత్రం గుర్తుపడతారు?

చివరకు హైదరాబాదులో పిల్లల పేగు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మగారు, పిల్లవాడి పొట్ట తట్టి చూసి, మేము ఊహించని ప్రశ్న వేశారు. “వీడు గోధుమ ఎప్పటినుంచి తింటున్నాడండీ?” అని. రక్తపరీక్ష చేయించారు. తరువాత నోటిగుండా సన్నని గొట్టం పంపి చిన్నపేగులోంచి ఆవగింజంత ముక్కలు తీసి పరీక్షించారు. ‘సీలియాక్ వ్యాధి’ అన్నారు.

పేరూ, దాని వెనక కథా

తెలుగు టీచర్ని గనుక నాకు మొదట పేరు మీదికే దృష్టి పోయింది. గ్రీకు భాషలో ‘కోయిలియా’ అంటే పొట్ట. క్రీస్తుశకం రెండవ శతాబ్దిలోనే అరెటేయస్ అనే గ్రీకు వైద్యుడు తిన్నది వంటబట్టని ఇటువంటి రోగుల్ని వర్ణించి, ఆ మాటతోనే పిలిచాడు. 1888లో లండనులో శామ్యూల్ గీ అనే వైద్యుడు పిల్లలలో ఈ జబ్బును స్పష్టంగా వర్ణిస్తూ, ఇది కుదిరితే ఆహారం వల్లనే కుదరాలని రాశాడు. ఆయన చూసిన ఒక పిల్లవాడికి రోజూ హాలెండు ఆల్చిప్పల మాంసం పెడితే పుంజుకున్నాడట. వాటి కారు అయిపోగానే మళ్లీ చిక్కిపోయాడు. దారి కనబడింది గాని, ఏది పెట్టాలి అనే దాని కన్న ఏది మానాలి అన్నదే అసలు ప్రశ్న అని తెలియటానికి మరో అరవయ్యేళ్లు పట్టింది.

ఆ సంగతి తేల్చినవాడు హాలెండులో పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే ఆయనకు గోధుమ మీద అనుమానం కలిగింది. 1944–45 చలికాలంలో జర్మను దిగ్బంధం వల్ల ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకక జనం తులిప్ పూల దుంపలు వుడకబెట్టుకు తిన్నారు. దేశమంతా చిక్కిపోతూంటే ఈ పిల్లలు మాత్రం తేరుకున్నారు. కరువు తీరి రొట్టె మళ్లీ వచ్చేసరికి జబ్బూ తిరగబెట్టింది. డికె ఊరుకోక, పిల్లలకు గోధుమ పెట్టీ, మానిపించీ, తూచీ, కొలిచీ, 1950లో తన సిద్ధాంత వ్యాసంలో సంగతి నిరూపించాడు. లోకానికి కడుపు కాల్చిన కరువు ఈ పిల్లలకు మాత్రం ప్రాణం పోసింది. విధి విలాసమంటే ఇదే గాబోలు!

పేగులో జరిగేది ఏమిటి?

చపాతీ పిండి సాగుతున్నదన్నా, రొట్టె మెత్తగా గుల్లవిరిచినట్లు వస్తున్నదన్నా, గోధుమలో వున్న ‘గ్లూటెన్’ అనే జిగురు మాంసకృత్తు వల్లనే. ఇటువంటిదే బార్లీలోనూ, రై అనే చలిదేశపు ధాన్యంలోనూ వుంటుంది. అందరికీ అది మామూలు ఆహారమే. సీలియాక్ వున్నవారి శరీరం మాత్రం దాన్ని శత్రువుగా ఎంచి యుద్ధం మొదలుపెడుతుంది. ఆ యుద్ధంలో దెబ్బతినేది స్వంత పేగే.

టర్కీ తువాలు మీది నూగు చూడండి. మన చిన్నపేగు లోపలి గోడ అలా వుంటుంది. ఆ నూగే ఆహారంలోని సారాన్ని పీల్చుకునేది. గ్లూటెన్ తగిలినకొద్దీ ఆ నూగు అరిగి, తువాలు కాస్తా నునుపు గుడ్డ అయిపోతుంది. అప్పుడు నెయ్యి పోసి పెట్టినా, వెన్న రాసి పెట్టినా సారమంతా జారిపోవలసిందే. అందుకే తినీ తిననట్లు వుండటం. అందరికీ విరేచనాలే వుండాలని లేదు. కొందరు పిల్లలు పొట్టిగా వుండిపోతారు, అంతే. కొందరికి ఎంతకీ తగ్గని రక్తహీనతే గుర్తు. కొందరికి మలబద్ధం.

ఇది అంటుజబ్బు కాదు. దిష్టి కాదు. తల్లి పెంపకంలో లోపమూ కాదు. పుట్టుకతో వచ్చే జీనులలో దీనికి ఏర్పాటు వుంటుంది. ఆ జీనులున్నవారిలో కూడా జబ్బు వచ్చేది కొద్దిమందికే.

2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో మనకు పనికివచ్చే సంగతి ఒకటి వున్నది. ఉత్తరాదిన వెయ్యిమందిలో సుమారు పన్నెండుమందికి రక్తంలో ఈ జబ్బు గుర్తులు కనబడగా, దక్షిణాదిన వెయ్యికి ఒక్కరికే కనబడ్డాయి. జీనులు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒక్క తీరునే వున్నాయి. తేడా ఎక్కడంటే, అక్కడివారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే, దక్షిణాదివారు 25 గ్రాములు తిన్నారు. మనలో అగ్గిపుల్ల లేక కాదు, గీచే పెట్టె తక్కువై జబ్బు తక్కువగా వున్నదన్నమాట! ఇప్పుడు రాత్రి చపాతీ, పగలు బ్రెడ్డు, సాయంత్రం బేకరీ సరుకు మన ఇళ్లల్లోకీ వచ్చాయి. అందుచేత ఈ జబ్బు పేరు మన తల్లులు ఒకసారైనా విని వుండటం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అనుమానం కలిగిందిగదా అని ముందే గోధుమ మానిపించకండి. మానిపిస్తే రక్తంలో గుర్తులు తగ్గిపోయి పరీక్షకు అసలు సంగతి చిక్కదు. పరీక్షలన్నీ అయ్యాకనే మానటం. అలాగే ఒక బిడ్డకు వున్నదని తేలితే తోబుట్టువులకూ, తల్లిదండ్రులకూ కూడా పరీక్ష చేయించాలి. దగ్గరి రక్తసంబంధీకులలో నూటికి ఏడెనిమిదిమందికి బయటపడుతుందట. మా అమ్మాయికీ, మా ఇద్దరికీ లేదని తేలింది.

వంటిల్లే వైద్యశాల

ఈ జబ్బుకు వేరే మందు లేదు. గ్లూటెన్ లేని తిండే మందు. అది జీవితాంతం. ఆ మాట డాక్టరమ్మగారు అన్నప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె నవ్వి, “మీరు వరిచేల మధ్య వుంటున్నారు గదండీ, పంజాబు తల్లులు ఏడవాలి గాని మీరెందుకు?” అన్నారు.

ఇంటికి వచ్చి లెక్క వేసుకుంటే ఆ మాట నిజమే. అన్నం, ఇడ్లీ, అట్టు, పెసరట్టు, గారెలు, పులిహోర, పరమాన్నం; జొన్నరొట్టె, రాగిజావ, సజ్జలు, కొర్రలు, సామలు; సున్నుండలు, అరిసెలు, జంతికలు, చేగోడీలు, పూతరేకులు. వీటిలో దేనిలోనూ గోధుమ లేదు. మన నాయనమ్మల కాలపు వంటింట్లోకి మావాడు నిర్భయంగా వెళ్లవచ్చు.

అయితే దొంగలు వున్నారు. బొంబాయి రవ్వ, మైదా, సేమ్యా అంటే కనబడే దొంగలు. కనబడని వాళ్లలో మొదటిది ఇంగువ! బజారులో దొరికే ఇంగువలో చాలా రకాలు మైదాతో కలిపి చేసినవే. పులిహోరలో బియ్యమే వుందిగదా అని ధైర్యంగా పెట్టి, ఇంగువ దగ్గర మోసపోయాం. జ్వరం వస్తే ఇచ్చే బార్లీ నీళ్లు రెండవది. పాలల్లో కలిపే మాల్టు పొడి మూడవది. ఆ మాల్టు బార్లీ నుంచే వస్తుంది. సోయా సాసు, ఐస్‌క్రీము కోను, కజ్జికాయ పైపొర, ఇలా చెబుతూ పోతే చాలా వున్నాయి. పిండిమరలో మన ముందువారు గోధుమలు పట్టించుకుని వెళితే, మన బియ్యప్పిండిలో వారి పిండి కలుస్తుంది. పూరీలు వేయించిన నూనెలో గారెలు వేస్తే గారె కూడా పనికిరాదు. చపాతీ పెనం మీద అట్టు పొయ్యకూడదు.

“అంత కొంచెంతో ఏమవుతుంది?” అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పొట్లాం మీద ‘గ్లూటెన్ లేనిది’ అని వేసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన ప్రభుత్వ నిబంధన. 2007లో వెలువడిన ఒక ఇటలీ పరిశోధనలో రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు పుచ్చుకుంటే పేగు దెబ్బతిన్నట్లు కనబడింది. బ్రెడ్డు ముక్క ఒకదానిలో సుమారు రెండు గ్రాములు వుంటుంది. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు! కంచం అంచున రాలే పొడి అన్నమాట. “ఒక్క ముక్కేగా” అనేవారికి నేను చెప్పే జవాబు ఇదే.

మొదటి నెల నేను రెండు వంటలు చేశాను. వాడికి వేరు, మాకు వేరు. రాత్రి మేమంతా చపాతీలు తింటూంటే వాడు తన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మా కంచాల వంక చూస్తూ కూర్చునేవాడు. నాలుగేళ్ల పిల్లవాడు, ఏమీ అడిగేవాడు కాదు. ఆ చూపు ముందుగా తట్టుకోలేకపోయినవారు మామగారు. ఒకనాడు కంచం పక్కకు నెట్టి, “రేపటినుంచి నాకూ జొన్నరొట్టె చెయ్యమ్మా. చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో అవి తినే పెరిగాను” అన్నారు. ఆ మర్నాటినుంచి గోధుమ మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. పెనం కొత్తది కొన్నాం. బియ్యప్పిండీ, జొన్నపిండీ మర పట్టించటం మాని ఇంట్లోనే ఆడుకుంటున్నాం. ముద్ద ఇంగువ మాని, మైదా కలవనిది వెతికి తెచ్చుకుంటున్నాం.

రెండు మూడు వారాల్లో పిల్లవాడి ఏడుపు తగ్గింది. రెండు నెలల్లో విరేచనాలు కట్టాయి. ఏడాది తిరిగేసరికి చొక్కాలు పొట్టి అయ్యాయి. చొక్కాలు పొట్టి అయినందుకు సంతోషించిన తల్లిని లోకంలో నేనొక్కదాన్నే ఏమో!

బడిలో

ఇంట్లో గెలిచాం గదా అనుకుంటే, రచ్చ వేరే వున్నది. అది బడి.

బళ్లో చేర్చిన రోజునే టీచరుగారికి ఉత్తరం రాసి ఇచ్చాను. డాక్టరుగారి చీటీ జతచేశాను. ఆమె మంచావిడ. మంచితనం కొద్దీ, ఎవరి తిండీ తగలకుండా భోజనాల వేళ మావాణ్ణి విడిగా ఒక బెంచీ మీద కూర్చోబెట్టసాగారు. పది రోజులకు వాడు “అమ్మా, నాది అంటుజబ్బా?” అని అడిగాడు. మర్నాడే వెళ్లి, పిల్లల మధ్యనే కూర్చోబెట్టమనీ, వాడి డబ్బా వాడు తింటే చాలుననీ బతిమాలుకున్నాను. టీచరుగారు నొచ్చుకుని, వెంటనే మార్చేశారు.

ఆరేళ్లప్పుడు మరొకటి జరిగింది. ఒకనాడు సాయంత్రం ఇంటికి వచ్చి కడుపు పట్టుకుని ముడుచుకు పడుకున్నాడు. రాత్రంతా వాంతులు. గుచ్చి గుచ్చి అడిగితే, స్నేహితుడి పుట్టినరోజు కేకు తిన్నానన్నాడు. ఎన్నిసార్లు చెప్పానని కోపం పట్టలేక కేకలు వేశాను. వాడు ఏడవలేదు. “అందరూ తింటుంటే ఎంతసేపు చూస్తానమ్మా?” అన్నాడు. నాకు మాట రాలేదు. నేను వాడికి తినకూడనివి నేర్పాను గాని, ఆ సమయంలో ఏం తినాలో చేతికి ఇవ్వలేదు. తప్పు నాది.

అప్పటినుంచి టీచరుగారి బీరువాలో మావాడి పేరుతో ఒక డబ్బా వుంటుంది. అందులో వేరుశనగ చిక్కీ, నువ్వుల ఉండలు, సున్నుండలు. ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు కోసే వేళకు ఆ డబ్బా తెరుచుకుంటుంది. తమాషా ఏమిటంటే, మా అత్తగారి సున్నుండల కోసం ఇప్పుడు తక్కిన పిల్లలే ఎగబడుతున్నారు. రెండవ పని, టీచరుగారే తరగతిలో పిల్లలకు రెండు ముక్కల్లో సంగతి చెప్పారు. పెద్దవాళ్లకు గంటసేపు చెప్పినా ఎక్కని విషయం పిల్లలకు నిమిషంలో ఎక్కింది. “ఇది వాడికి పడదు, పెట్టకండి” అని ఇప్పుడు వాళ్లే కాపలా. మూడవది, రంగురంగుల బొమ్మల ముద్ద. చిన్న తరగతుల్లో బొమ్మలు చేయించే ఆ ముద్దల్లో కొన్ని గోధుమపిండితో చేసినవే. చేతులు కడుక్కోకుండా వేలు నోట్లో పెట్టుకుంటే చాలు. మావాడికి చెరువు మట్టి ఇచ్చాం, వినాయకుణ్ణి చేశాడు.

అన్నిటికన్న ముఖ్యం, అడగటం వాడికే నేర్పాం. ఎవరేం పెట్టినా, “ఇందులో గోధుమ వుందాండీ?” అని మర్యాదగా అడుగుతాడు. మేము ఎల్లకాలం వెంట వుండలేము గదా!

ప్రసాదం దగ్గర

ఇంత జరిగినా ఒక్క చోట మాత్రం మా అత్తగారూ నేనూ ఎదురెదురుగా నిలబడవలసి వచ్చింది. అది సత్యనారాయణస్వామి వ్రతం. మా జిల్లాల్లో ఆ వ్రతం జరగని ఇల్లు లేదు. అన్నవరం కొండ మీది ప్రసాదం గోధుమ రవ్వతో చేసేదే. ఇళ్లల్లోనూ అదే ఆనవాయితీ. ప్రసాదం విడిచిపెట్టి పరుగెత్తిన కళావతి భర్త పడవతో సహా నీట మునిగాడనీ, ప్రసాదాన్ని అలక్ష్యం చేసిన తుంగధ్వజుడు కొడుకులను పోగొట్టుకున్నాడనీ కథలోనే వున్నది. ఆ కథను అరవయ్యేళ్లుగా చెవులారా వింటున్న పెద్దావిడకు, మనుమడు ప్రసాదం పుచ్చుకోడంటే గుండె ఆగినంత పని అయింది.

“పోనీ, గింజంత. దేవుడిది. ఒక్క ముక్కేగా అమ్మాయ్!” అన్నారు కళ్లనీళ్లతో.

“అత్తయ్యగారూ, వాడి పేగుకు దేవుడిదో, బేకరీదో తెలియదండీ” అన్నాను. అనకూడని మాటే అన్నానేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమె ఆ పూట అన్నం తినలేదు.

తగువు తీర్చినవారు పురోహితులు గారు. వ్రతానికి సామాన్ల జాబితా రాయించటానికి వచ్చి, సంగతి విని నవ్వారు. “దీనికింత చర్చ ఎందుకమ్మా? గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండితో చెయ్యమని కథ మొదటి అధ్యాయంలోనే స్వామి చెప్పాడు. మనం కథ వింటాం గాని, ఆ ముక్క వినం” అన్నారు. పుస్తకం తీసి చూశాను. వున్నది! ఏటేటా వింటూ, సంస్కృతం చదువుకుని కూడా, నేను ఆ మాట దగ్గర ఒక్కనాడూ ఆగలేదు.

ఆ ఏడు మా ఇంట్లో బియ్యపు రవ్వ వేయించి, నెయ్యి, బెల్లం, అరటిపళ్లు, ఏలకులు వేసి ప్రసాదం చేశారు మా అత్తగారు. స్వహస్తాలతో చేశారు. మొదటి ముద్ద మనుమడి చేతిలోనే పెట్టారు. వాడు కళ్లకద్దుకుని తిని, తరువాత పళ్లెం పట్టుకుని వచ్చినవాళ్లందరికీ తానే పంచాడు.

పక్కింటి పిన్నిగారు మధుమేహం గనుక వద్దు నాయనా అని చెయ్యి అడ్డం పెట్టారు. మావాడు ఆమె మొహంలోకి చూసి, కిసుక్కున నవ్వి అన్నాడు:

“ఒక్క ముక్కేగా, పిన్నిగారూ!”

ఆపైన తనే ఆలోచించి, పళ్లెం వెనక్కు తీసుకుని, “వద్దులెండి. మీకు పడదుగా!” అన్నాడు.